మా కూర్మారావు మావ, నా మూడో సూది

మొన్న మంగళవారం పొద్దున్న నన్ను హైవే మీద ఎవరైనా చూసేరా? చూసే ఉంటారు. బంగాళాదుంపల లారీలో, డ్రైవరు పక్క సీట్లో, తెల్లకోటు వేసుకుని, ప్లాస్టరేసిన చూపుడువేలు కిటికీలోంచి బయటికి పెట్టి, ముందు వెళ్తన్న బస్సుని ఆపండి ఆపండి అని కేకలేసిన ఆడమనిషి నేనే. పిచ్చిదనుకుని ఉంటారు. పిచ్చిదాన్ని కాదు, పళ్ళ డాక్టర్ని. ఆ పూటకి రెండిటికీ పెద్ద తేడా లేదనుకోండి.

మొదట్నించీ చెప్తాను. మధ్యలో అడ్డు తగలకండి, నాకసలే నోరెక్కువ, మీరూ అందుకుంటే కథ తెమలదు. టీ చల్లారితే ఇంకోటి పెట్టుకుందాం.

మంగళవారానికి ముందు వారం నర్సులకి, ఏఎన్ఎంలకి సూదుల జాగ్రత్తల మీద ఒక క్లాసు చెప్పమని నన్ను పిలిచేరు. వెళ్ళేను. పెద్ద స్క్రీను, చేతిలో మైకు, ఎదురుగా యాభై మంది. స్లైడు మీద ఎర్రటి అక్షరాలు: వాడిన సూదికి రెండు చేతులతో మూత పెట్టరాదు. నేను ఊరుకుంటానా? విడమరిచి చెప్పేను. "ఒక చేత్తో సూది, ఇంకో చేత్తో మూత పట్టుకున్నారంటే మీ వేలు మీరే పొడుచుకుంటారమ్మా. మూతని ట్రేలో పడుకోబెట్టండి, ఒక్క చేత్తోనే సూదిని అందులోకి దూర్చండి. పేషెంటు ఎవరన్నది చూడకండి. నెత్తురులో ఏముందో మొహం చూస్తే తెలీదు." చప్పట్లు కొట్టేరు, శాలువా కప్పేరు. ఇంటికొచ్చి అదే క్లాసు మా ఆయనకి మళ్ళీ చెప్పేను. ఆయన శాలువా కప్పకుండానే పడుకున్నాడు.

మరి కోటబొమ్మాళిలో నా క్లినిక్‌లో పద్ధతి ఏటి? ఇప్పుడు నిజం చెప్పాలి కదా. నా దగ్గర పేషెంట్లు రెండు రకాలు. బయటోళ్ళు, మనోళ్ళు. కొత్తగా ఎవరొచ్చినా మా సింహాచలం ఒక కాగితం నింపుతాది. సింహాచలం అంటే మగమనిషి అనుకునేరు, ఆడమనిషే, నా దగ్గర తొమ్మిదేళ్ళుగా పనిచేస్తన్నాది. పచ్చకామెర్లు వచ్చేయా, ఎప్పుడైనా నెత్తురు ఎక్కించేరా, ఆపరేషన్లు ఏవైనా అయ్యేయా, ఇవీ ఆ కాగితం మీద ప్రశ్నలు. బయటోళ్ళయితే అన్నీ అడుగుతాది. చుట్టాలో, మా ఊరివాళ్ళో అయితే ఆ గళ్ళన్నిటికీ అడ్డంగా ఒకటే గీత గీసి, "మనోళ్ళే" అని రాసీసి నా ముందు పెడతాది. అలా రాయమని చెప్పింది ఎవరని అడుగుతారేమో. నేనే. చుట్టాన్ని పట్టుకుని నీకేం రోగాలున్నాయని అడిగితే, ఆ రాత్రికే మా అమ్మకి ఫోనెళ్ళిపోద్ది.

బయటోళ్ళకి ఎలాగుండేదో కూడా చెప్తాను. ఆ క్లాసు చెప్పిన మర్నాడే పైడిరాజు అని ఒక లారీ డ్రైవరు వచ్చేడు. సాలూరు మనిషి, నలభై దాటి ఉంటాయి. బెంగాల్ వెళ్తా దారిలో పన్నునొప్పి తట్టుకోలేక హైవే పక్కన బండి ఆపుకుని వచ్చేడు. లారీ డ్రైవరనగానే నేను లేచి కూర్చున్నాను. కాగితం సింహాచలం చేతుల్లోంచి లాక్కుని నేనే అడిగేను. కామెర్లా, నెత్తురా, ఆపరేషనా, ఇంకా కాగితం మీద లేనివి నాలుగు. "అంటే... రోడ్డు మీద తిరిగేటప్పుడు... బయట... అలాంటి చోట్లకి..." ఆయన పాపం దవడ పట్టుకుని, "అడగండి మేడమ్, అడగడంలో తప్పేటుంది" అన్నాడు. రెండు జతల గ్లౌజులు వేసుకున్నాను. రెండు మాస్కులు, పైన ప్లాస్టిక్ షీల్డు. వెల్డింగ్ షాపువాడిలాగ తయారై ఆయన పన్ను తీసి, కుట్లు వేసి, తిరిగొచ్చేటప్పుడు విప్పించుకోమని చెప్పి పంపించేను. ఆ సూదికి మాత్రం ఒక్క చేత్తోనే మూత పెట్టేను. స్లైడులో ఉన్నట్టే.

ఇంక మంగళవారం. పొద్దున్నే శ్రీకూర్మం నుంచి మా కూర్మారావు మావ దిగేడు. మా అమ్మకి సొంత తమ్ముడు. చేతిలో ములక్కాడల కట్ట, కింద దవడలో పుచ్చిపోయిన పన్ను. పొలంలో తాచుపాముని కర్రతో తోసీసే మనిషి, నా కుర్చీ చూసి గుమ్మంలోనే ఆగిపోయేడు.

"ఒలే సుజా, సూది లేకుండా పీకడం అవదేటే?"

"అవదు మావా. కూర్చో. నేనున్నాను కదా."

సింహాచలం కాగితం పట్టుకొచ్చి ఆయన మొహం చూసి, నా మొహం చూసింది. నేను చెయ్యి ఊపేను. గీత గీసీసింది. మాస్కు గడ్డం కిందకి దించుకున్నాను, లేకపోతే మావకి నా మాట వినబడదు. గ్లౌజులు ఒక జతే. మెడలో నేప్కిన్ కట్టి, దవడకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చేను. అయిదు నిమిషాలు ఆగాలి, పట్టకపోతే మరికాస్త ఇవ్వాలి. మా పళ్ళ డాక్టర్లకి ఇదొక తద్దినం, అదే మనిషికి అదే సూది రెండోసారి అవసరం పడతాది కాబట్టి పారీయలేం, మూత పెట్టి పక్కన పెట్టుకుంటాం.

సిరంజి కుడిచేతిలో ఉంది. మూత ట్రేలో ఉంది. సరిగ్గా అప్పుడే మా మావ ఒక ప్రశ్న వేసేడు.

"అవునే, మీ పెద్దమ్మ మనవరాలికి ఏటి పేరెట్టేరు?"

ఇలాంటి ప్రశ్నకి గోడ వైపు చూస్తా జవాబు చెప్పడం నాకు చేతకాదు. ఆయన వైపు తిరిగేను. చెయ్యి దానంతటదే మూత అందుకుంది, ఎడంచెయ్యి.

"ఏదో పేరు మావా, నోరు తిరగదు, అర్థం వాళ్ళమ్మక్కూడా తెలీదట, కంప్యూటర్లో వెతికి..."

కసుక్కున దిగింది. ఎడంచేతి చూపుడువేల్లోకి. మా మావ దవడలోంచి అప్పుడే బయటికొచ్చిన సూది.

నొప్పి ఏమంత లేదు. గ్లౌజు లోపల ఆవగింజంత ఎర్రచుక్క. మామూలుగా క్లినిక్‌లో నేను పుస్తకం తెలుగు మాట్లాడతాను, భయమేస్తే మాత్రం నా 'చ'లన్నీ 'స'లైపోతాయి. "సచ్చేన్రా దేవుడా" అన్నాను. మా మావ ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకున్నాడు.

గ్లౌజు లాగీసి, చెయ్యి కుళాయి కింద పెట్టి, సబ్బు రుద్దుతా, సింహాచలం చేత నా క్లాస్‌మేట్‌కి ఫోన్ చేయించేను. విశాఖపట్నంలో పెద్ద ఆస్పత్రిలో పనిచేస్తాది, ఇలాంటివి దానికి బాగా తెలుసు. నా చేతులు నీళ్ళ కింద ఉన్నాయి కాబట్టి స్పీకర్లో పెట్టమన్నాను. ఇది రెండో తప్పు.

అది అక్కణ్ణించి మైకులో చదివినట్టు చదివింది. "ఎవరి సూదో ఆ పేషెంటుని వదలకు. హెచ్ఐవి, హెపటైటిస్ బి, సి, మూడు టెస్టులూ వెంటనే చేయించు. వాటిల్లో తేడా ఉన్నా, అసలు ఆయన దొరక్కపోయినా నువ్వు మందులు మొదలెట్టాలి. ఎంత తొందరగా అయితే అంత మంచిది, రెండు గంటల్లోపైతే మరీ మంచిది. నెల్లాళ్ళు మింగాలి, కడుపులో తిప్పుతాది. ఆ, అవునూ, నీకు హెపటైటిస్ టీకా మూడు డోసులూ అయ్యేయి కదా?"

"అయ్యేయి" అన్నాను. పెళ్ళయిందా అని అడిగితే చెప్పినంత ధైర్యంగా అన్నాను.

చేతులు తుడుచుకుని వెనక్కి తిరిగితే కుర్చీ ఖాళీ.

"మావేడీ?"

"ఇలాగ చిటికినవేలు చూపించి బయటికెళ్ళేడమ్మా" అంది సింహాచలం. "బాత్రూముకేమో అనుకున్నాను."

బాత్రూములో లేడు. గుమ్మం ముందు లేడు. చెప్పులూ లేవు. సింహాచలం రోడ్డు దాకా పరిగెట్టి, రొప్పుకుంటా వచ్చింది. "శ్రీకాకుళం బస్సెక్కీసేడమ్మా. మెడలో మన నేప్కినుంది."

ఫోన్ చేసేను. ఎత్తేడు. మత్తు అప్పటికి బ్రహ్మాండంగా పట్టింది, సగం నాలిక, సగం పెదవి ఆయనవి కావు.

"థుజా, నాకేతీ లోగం లేదే. పన్ను థూసి అంత లోగం ఎలా థెప్పీసేవే? మీ అత్తకి థెప్పకు." పెట్టీసేడు. తర్వాత స్విచ్చాఫ్.

అప్పుడు అర్థమైంది. స్పీకర్లో వినబడిన రోగాలన్నీ తనకే ఉన్నాయని, నేను పన్ను చూసి కనిపెట్టేనని అనుకున్నాడు. ఊళ్ళో తెలిస్తే తలెత్తుకోలేనని పారిపోయేడు. గడియారం చూసుకున్నాను. రెండు గంటల్లో పదిహేను నిమిషాలు అప్పుడే అయిపోయేయి. మా మావ నెత్తురు బస్సెక్కి వెళ్ళిపోతన్నాది. నా బండి సర్వీసింగులో ఉంది. మా ఆయన కారేసుకుని పలాస వెళ్ళేడు. నాకు ఏడుపొచ్చీసింది, నిజంగానే. ఇద్దరు పిల్లలు కళ్ళ ముందు కనబడ్డారు.

"ఏటైంది మేడమ్?"

బెంచీ మీద ఎవరో లేచి నిలబడ్డారు. పైడిరాజు. కుట్లు విప్పించుకోడానికి వచ్చి, ఇదంతా పావుగంట నుంచి వింటన్నాడు. చెప్పేను. ఒక్క ముక్కలో అర్థం చేసుకున్నాడు. "బండి హైవే మీదే ఉన్నాది. రండి, బస్సు నరసన్నపేటలో చాలాసేపు ఆగుతాది, పట్టుకుందాం" అన్నాడు.

లారీ ఎక్కడం ఎప్పుడైనా చూసేరా? మెట్టు నా నడుం దగ్గరుంది. ఒక చెయ్యి ప్లాస్టరు, ఒక చెయ్యి తెల్లకోటు. కింద నుంచి సింహాచలం నన్ను బియ్యం బస్తాలాగ పైకి తోసింది. పైడిరాజు సీటు మీద తన తుండు పరిచేడు. బండి కదిలింది. కదిలిందని ఆయన అన్నాడు గానీ నాకైతే తెలీలేదు.

"ఇంకాస్త వేగంగా వెళ్ళదాండీ?"

"లోడు మేడమ్. దుంపలు."

ఒక ట్రాక్టరు మమ్మల్ని దాటింది. తర్వాత ఒక పెద్దాయన, మోపెడ్ మీద గడ్డిమోపు పెట్టుకుని, ఆయనా దాటేడు. దూరంగా బస్సు వెనకభాగం కనబడినప్పుడల్లా నేను కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి కేకలేసేను. కింద జనం నాకు టాటా చెప్పేరు.

పైడిరాజు నెమ్మదైన మనిషి. నా మొహం చూసి, మాట కలిపితే భయం తగ్గుతాదనుకున్నాడు గావాల. "మీకేటి కాదు మేడమ్. మా యూనియన్ ఆఫీసు దగ్గర కేంపు పెట్టి మాకందరికీ సెప్పేరు. సూది గుచ్చుకున్నా అందరికీ రాదట. అయినా కామెర్ల టీకా మూడూ ఏయించుకుంటే దాని బెంగే లేదట." అద్దం పైన దేవుడి బొమ్మ వెనక నుంచి ఒక కార్డు తీసి నా చేతిలో పెట్టేడు. మూడు తేదీలు, మూడు సంతకాలు. దాని వెనక, ఆర్నెల్లకోసారి చేయించుకున్న రక్తపరీక్షల చీటీలు పిన్ను పెట్టి ఉన్నాయి.

"ఇది మొన్నే చూపించొచ్చు కదండీ?"

"సూపిద్దామనే జేబులోంచి తీసేను మేడమ్. మీరు రెండు మాస్కులేసుకుని, పైన అద్దమెట్టుకుని ఉన్నారు. నా మాట ఇనబడదేమో అని ఊరుకున్నాను."

నేను కిటికీలోంచి పొలాలు చూసేను. ఊడ్పులు బాగా అయ్యేయి.

"మీ కార్డు ఎక్కడుంటాది మేడమ్, క్లినిక్‌లోనా?" అని అడిగేడు. వెటకారం కాదు, మామూలుగానే అడిగేడు. అప్పుడు, ఆ లారీలో, దుంపల వాసన మధ్య, నాకు కాలేజీ రోజులు గుర్తొచ్చేయి. మొదటి డోసు అందరితో కలిసి లైన్లో నిలబడి వేయించుకున్నాం. నెల తర్వాత రెండోది. ఆరో నెలలో మూడోది. ఆ రోజు నేను రూమ్మేట్ అక్క పెళ్ళికి వెళ్ళిపోయేను. వచ్చేక వేయించుకుందామనుకున్నాను. పదమూడేళ్ళు గడిచిపోయేయి. ఎవరడిగినా అయ్యేయి అనే చెప్తన్నాను. అన్నిసార్లు చెప్పేసరికి నాకే నిజమైపోయింది.

చాలా కోపమొచ్చింది. ఎవరి మీదని అడక్కండి.

నరసన్నపేట బస్టాండు బయట లారీ ఆపేడు. నేను దూకి పరిగెట్టేను. బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన మా మావ, మెడలో నా క్లినిక్ నేప్కినుతో, చంటిపిల్లాడికి అన్నం తినిపించడానికి కూర్చోబెట్టినట్టు కూర్చున్నాడు. నన్ను చూసి తల కిందకి దించీసేడు.

"మావా, దిగు."

"నేను దిగను. నాకేటీ రోగం లేదు." మత్తు కొంచెం వదిలినట్టుంది, మాట తెలుస్తన్నాది.

"నీకుందని కాదు మావా. నీ సూది నాకు గుచ్చుకుంది. నాకేమైనా వస్తాదేమోనని భయం."

"నాకు లేనిది నీకెలా వస్తాదే?"

బస్సులో అందరూ మెడలు చాపేరు. ఒకావిడ బాగా వినబడుతుందని లేచి ముందు సీటుకి వచ్చి కూర్చుంది కూడా. అసలు చెప్పాలంటే మావ లాజిక్‌లో తప్పు లేదు.

"లేదని తెలిస్తే నాకు బెంగ లేదు మావా. తెలీకపోతే నేను నెల్లాళ్ళు మందులు మింగాలి. ఇప్పటికి గంట దాటిపోయింది. నీకు దణ్ణం పెడతాను, దిగు." ప్లాస్టరు వేలితోనే కళ్ళు తుడుచుకున్నాను. మా మావ నా వేలి ప్లాస్టరు చూసేడు, నా కళ్ళు చూసేడు. లేచి ములక్కాడల కట్ట కోసం వెతుక్కున్నాడు. అది క్లినిక్‌లోనే ఉండిపోయింది.

దిగుతా దిగుతా ఒక షరతు పెట్టేడు. "నాకు సేయించు. కానీ నీకూ సేయించాల. నువ్వు పొడుసుకున్న సూది మళ్ళీ నా నోట్లో ఎట్టలేదని నేనేటి నమ్మకం?"

"పెట్టలేదు మావా. ఒట్టు."

"నేను కళ్ళు మూసుకున్నాను కదే."

ఆయన రెక్క పట్టుకుని లారీ వైపు నడిపించేను.

గవర్నమెంటు ఆస్పత్రిలో పరీక్షల గది ముందు ముగ్గురం కూర్చున్నాం. లోపల పరదా, పరదా వెనక టేబులు, టేబులు దగ్గర, పరీక్షలకి ముందు వివరాలడిగి రాసుకునే కౌన్సిలరు. నన్ను చూసి లేచి నిలబడింది.

"మేడమ్, మీరా? మొన్న క్లాసు చాలా బాగా చెప్పేరండీ. మా వాళ్ళందరం ఇప్పుడు ఒక్క చేత్తోనే..." నా వేలు చూసి ఆగిపోయింది. "ఎలా గుచ్చుకుందండీ?"

"మూత పెడతా ఉంటే."

"ఒక చేత్తోనా, రెండు చేతులతోనా?"

ఆ ఫారంలో నిజంగానే ఆ ప్రశ్న ఉందో, నా కోసం అడిగిందో ఇప్పటికీ తెలీదు. "రెండు" అన్నాను. చాలా మర్యాదస్తురాలు, తల ఎత్తకుండా రాసుకుంది. తర్వాత మొదలుపెట్టింది. కామెర్లు వచ్చేయా?

"లేదండీ" అన్నాను.

"ఒచ్చేయమ్మా" అని పరదా అవతల నుంచి మా మావ. "ఏడేళ్ళప్పుడు. పసరు తాగించి, నెల్లాళ్ళు ఉప్పు లేకుండా పెట్టేం. రాసుకో."

"హెపటైటిస్ టీకా ఎన్ని డోసులండీ?"

అయ్యేయి అని నా నాలిక చివరిదాకా వచ్చింది. పరదా అవతల పైడిరాజు దగ్గేడు. కావాలని దగ్గేడని నేననను, లారీ పొగ.

"రెండు."

"మూడోది ఆరో నెలలో కదండీ. ఎన్నాళ్ళు ఆలస్యం?"

"పదమూడేళ్ళు."

"కారణం?"

"ఖాళీ లేక."

నాకూ మావకీ చెరోసారి నెత్తురు తీసేరు. డ్యూటీ డాక్టరు చూసి, రిజల్టు అరగంటలో వచ్చీస్తాదని, తేడా ఉంటే మొదటి మాత్ర అక్కడే వేసుకోవచ్చని, ఇంకా టైముందని చెప్పేడు. బెంచీ మీద కూర్చున్నాం. ఆ అరగంట నేను ఎప్పటికీ మర్చిపోలేను. మా మావ మోచేతి దగ్గర దూది నొక్కుకుంటా కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా, "ఒలే, నెత్తురెక్కించుకుంటే కూడా ఇయ్యి ఒస్తాయేటే?" అన్నాడు.

"ఎందుకు మావా?"

"నాకు బుడ్డ ఆపరేషనప్పుడు రెండు సీసాలెక్కించేరు. ఎవుడిదో ఏటో."

ఎప్పుడు, ఎక్కడ, ఎవరి రక్తం అని అడుగుతుంటే ఆయన వేళ్ళు లెక్కపెడతా తడుముకుంటన్నాడు. ఆ మాట నేను పొద్దున్నే అడగాల్సింది. సింహాచలం చేతిలో కాగితం మీద ఆ ప్రశ్న ఉంది కూడా. చెయ్యి ఊపి గీత గీయించింది నేనే.

"నాకేటైనా ఉంటే నీకు ఒచ్చీసుద్దేటే సుజా?" అని నా చెయ్యి పట్టుకున్నాడు. అంతవరకూ తన పరువు కోసం పారిపోయిన మనిషి, అప్పుడు నా కోసం భయపడ్డాడు. నేను మళ్ళీ ఏడ్చేను. పైడిరాజు వెళ్ళి ముగ్గురికీ టీ పట్టుకొచ్చేడు.

కౌన్సిలరు పిలిచింది. మావకి మూడూ లేవు. నాకూ ఏటీ లేదు. మాత్రలు అక్కర్లేదు. మా మావ రెండు చేతులూ జోడించి, ఏ దేవుడు ఏ దిక్కున ఉన్నాడో తేల్చుకోలేక, ఫ్యానుకి దణ్ణం పెట్టీసేడు.

"మేడమ్, ఎలాగూ వచ్చేరు కదా" అంది కౌన్సిలరు. "ఆ మూడోది వేయించుకుని వెళ్ళండి. వదిలేసిన చోట్నించి వేయించుకోవచ్చట, మళ్ళీ మొదట్నించీ అక్కర్లేదు. మీకు తెలిసిందే."

నాకు తెలిసిందే. నర్సమ్మ వేస్తా ఉంటే మా మావ కళ్ళజోడు పెట్టుకుని, సీసా మీద పేరు చదివి, సూది లోపలికి వెళ్ళేదాకా చూసి, కార్డు మీద సంతకం పెట్టేదాకా అక్కడ్నుంచి కదల్లేదు. పైడిరాజుకి కుట్లు తర్వాత విప్పుతానని నేను చెప్తుంటే, "నొప్పేటీ లేదు మేడమ్, రేపొస్తాను, దుంపలు కుళ్ళిపోతాయి" అని వెళ్ళిపోయేడు. మర్నాడు వచ్చేడు. ఒక జత గ్లౌజులతోనే విప్పేను. నేను సిగ్గుపడ్డాను, ఆయన గమనించనట్టు ఉన్నాడు.

"పద మావా, పన్ను తీసీస్తాను" అన్నాను ఆ రోజే, ఆస్పత్రి గేటు దగ్గర.

"వద్దులేవే. ముందు నీ వేలు తగ్గనీ" అని శ్రీకాకుళం బస్సెక్కీసేడు. నా నేప్కినుతోనే.

మావ నన్ను వదిలీసేడని నాకు అర్థమైంది. చుట్టాల్లో నా పని అయిపోయిందనుకున్నాను. రెండ్రోజులు పోయేక శ్రీకాకుళం నుంచి నాకు తెలిసిన ఒక పళ్ళ డాక్టరు ఫోను. "సుజాతగారూ, మెడలో నేప్కినేసుకుని ఒక పెద్దాయన వచ్చేరు, మీ మావయ్యగారట. నోరు తెరవమంటే, ముందు నీ కార్డు చూపించు బాబూ అంటున్నారు. ఏ కార్డండీ? నేను ఓటరు కార్డనుకుని తీసేను."

చెప్పేను. అటు తలుపేసిన చప్పుడైంది. తర్వాత గొంతు తగ్గించి, "మేడమ్, మూడోది లేటైతే మళ్ళీ మొదట్నించి వేయించుకోవాలాండీ?" అని అడిగేడు.

తర్వాత మా అత్త ఫోన్లో చెప్పింది. మావ ఆ ఒక్కడితో ఆగలేదు. ఇంకొకాయన, "చిన్నప్పుడు అన్నీ వేయించేరు తాతా" అన్నాడట. చిన్నప్పుడు ఈ టీకా ఎక్కడిదని మావ లేచి వచ్చీసేడు. మరొకాయన, "మా దగ్గరికి అంతా డీసెంట్ పేషెంట్లే వస్తారండీ" అన్నాడట. "నేనూ డీసెంటే బాబూ, మా మేనకోడల్ని అడుగు" అని చెప్పి వచ్చీసేడట. ఇంకొకావిడకి కోపమొచ్చి బయటికి పొమ్మందట.

నిన్న పొద్దున్న క్లినిక్ తలుపు తీసేసరికి గుమ్మంలో మా కూర్మారావు మావ. దవడ వాచిపోయి, తలగుడ్డ కింద నుంచి బుగ్గకి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. సింహాచలం కాగితం తెచ్చి, ఈసారి ఒక్క గీత కూడా గీయకుండా అన్నీ అడిగింది. అన్నిటికీ నిల్చునే జవాబు చెప్పి, వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. "పీకీ" అన్నాడు.

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి. ఎంతైనా మేనమావ కదా, నా చేతి మీద నమ్మకం పోలేదనుకున్నాను. రెండు మంచి మాటలు ఆయన నోటితోనే వినాలనిపించి, "అంతమంది డాక్టర్లని చూసి, మళ్ళీ నా దగ్గరికే ఎందుకొచ్చేవు మావా?" అని అడిగేను.

"నీ మీద నమ్మకమనుకోకు" అన్నాడు. "జిల్లా అంతా తిరిగేను. అందరివీ నోటి మాటలే. నీ మూడో సూదొక్కటే నా కళ్ళతో సూసేను."

పదేళ్ళ ప్రాక్టీసు నాది. గోడ మీద ఫ్రేము కట్టించిన డిగ్రీ ఉంది. మా మావ మాత్రం నా ముందు నోరు తెరిచింది గవర్నమెంటు ఆస్పత్రి నర్సమ్మ సంతకం చూసి.